అద్దెకున్నవాళ్లు అపార్ట్‌మెంటు సంఘంలోకి ఎలా వెళ్లాలి?

మీరు అడిగింది ఇదీ: భీమవరంలో ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో అద్దెకుంటున్నారు. మెయింటెనెన్సు నెలనెలా మీరే కడుతున్నారు. ఎండాకాలం నీళ్ల గొడవ, వానాకాలం సెల్లారులో మోకాలి లోతు నీళ్లు. మీటింగు ఉందని తెలిసి కిందికి దిగితే "ఇది ఓనర్ల మీటింగండి, మీకెందుకండి శ్రమ" అన్నారు. మీ ఓనరు కువైట్‌లో ఉంటారు. సంఘంలోకి వెళ్లొచ్చా, వెళ్తే ఆయనతో మాట వస్తుందా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని.

వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. కాకపోతే పదవి దారి వదిలి పని దారిలో వెళ్లండి. నేను కాకినాడలో చాలా ఏళ్లు అద్దెకున్నాను, ఇప్పుడు భీమవరంలో సొంత ఫ్లాటులో ఉంటున్నాను. సంఘానికి కార్యదర్శిగానూ చేశాను, కోశాధికారిగానూ చేశాను. కాబట్టి రెండు పక్షాల చిరాకులూ తెలుసు.

ముందు మన ఊళ్ల సంగతి ఒకటి గుర్తుపెట్టుకోండి. కోనసీమ వాళ్లు కువైట్, దుబాయ్, ఖతార్. ఇటు గోదావరి పడమటి డెల్టా పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికా. ఫ్లాటు కొనేది వాళ్లు, ఉండేది మీరు. మా బిల్డింగులో రాత్రి పూట లైటు వెలిగే ఫ్లాట్లలో సగానికి పైగా అద్దెవాళ్లవే. మిగిలినవి పెద్దవాళ్లు ఉండేవి. అలాంటి చోట "ఓనర్లు మాత్రమే" అని గీత గీసుకుంటే మీటింగుకు వచ్చేది ఐదారుగురు. ఆ ఐదారుగురే ఏళ్లకేళ్లు కుర్చీ మోస్తూ, తిట్లు తింటూ, చివరికి విసిగిపోయి తాళాలు వాచ్‌మన్ చేతికిచ్చి ఊరుకుంటారు. మిమ్మల్ని మీటింగు నుంచి పంపేసిన పెద్దమనిషి కూడా లోపల ఎవరైనా సాయానికొస్తే బాగుండు అనుకుంటూ ఉండొచ్చు. ఆయన్ని శత్రువు కింద లెక్కేయకండి.

చట్టం సంగతి. 1987 నాటి మన అపార్ట్‌మెంట్ల చట్టం మాట్లాడేది ఫ్లాటు యజమానుల సంఘం గురించి. అందుకని ఆ సంఘంలో ఓటున్న సభ్యుడు మామూలుగా ఓనరే. ఎక్కువ సంఘాలు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదై ఉంటాయి. కొన్నిచోట్ల 1995 నాటి మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద సహకార సంఘంగా ఉంటాయి. అద్దెవాళ్ల హాజరు, మాట, ఓటు ఇవన్నీ ఆ సంఘం బైలాలో, అంటే నియమావళిలో, రాసుకున్నదాన్ని బట్టే ఉంటాయి. కొన్ని బైలాల్లో అసోసియేట్ సభ్యత్వం ఉంటుంది, కొన్నిటిలో ఓనరు రాసిచ్చిన ఉత్తరంతో ప్రతినిధి రావచ్చని ఉంటుంది. చాలా బైలాల్లో అసలు ఈ మాటే ఉండదు. రాసి లేనంత మాత్రాన కుదరదని కాదు. మిమ్మల్ని రానివ్వడానికీ మాట్లాడనివ్వడానికీ తీర్మానం చేసుకుంటే సరిపోతుంది.

మన డెల్టాలోనే దీనికి ఉదాహరణ ఉంది. 1997లో వచ్చిన సాగునీటి సంఘాల చట్టం కౌలుదారుకూ సంఘంలో చోటిచ్చింది. నీళ్లు వాడేది, గట్టు తెగితే పరిగెత్తేది పొలంలో ఉన్న మనిషే కదా అని. ఎవరైనా "అద్దెవాళ్లకి సంఘమేంటి" అంటే ఈ మాట మెల్లగా అనండి. రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకి వెంటనే ఎక్కుతుంది.

ఇక మొదటి పని కాగితాలు చదవడం. బైలా కాపీ, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, కిందటేడు లెక్కలు, చివరి సర్వసభ్య సమావేశం మినిట్స్ అడగండి. సెక్రటరీ గారిని మెట్ల మీద ఆపి అడగొద్దు, ఇంటికెళ్లి కూర్చుని అడగండి. "నాకు అర్థం చేసుకోవాలనుందండి" అంటే చాలామంది ఇస్తారు. కాగితాలే లేవంటే అదే పెద్ద సమాచారం. సొసైటీగా నమోదైన సంఘం ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం పెట్టాలి, కమిటీ జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. మన పక్క చాలా సంఘాలు పుట్టిన ఏడాది ఉత్సాహంగా రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కవు. బ్యాంకు వాళ్లు సంతకాలు మార్చడానికి కొత్త జాబితా అడిగిన రోజున గుర్తొస్తుంది.

రెండో పని: ఒక్క సమస్య తీసుకోండి. ఒక్కటే. నన్నడిగితే నీళ్లు తీసుకోమంటాను. భీమవరంలో నీళ్లంటే మూడు రకాలని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది: బోరు నీళ్లు ఉప్పన, మున్సిపాలిటీ కుళాయి వాడుకకు, తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. అప్పట్నుంచి మళ్లీ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలేదాకా ఊరంతా ముందే నింపిపెట్టుకున్న మంచినీళ్ల చెరువు మీదే బతకాలి. కుళాయి వచ్చే టైము తగ్గుతుంది. సంపు నిండదు. కమిటీ వాళ్లు చెప్పాపెట్టకుండా బోరు నీళ్లు సంపులో కలిపేస్తారు. సబ్బు నురగ రాదు, బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటుంది, గీజరు కాయిల్ పోతుంది, వాట్సాప్ గ్రూపులో యుద్ధం మొదలవుతుంది.

ఈ యుద్ధంలో దిగకుండా ఒక నోట్‌బుక్ పెట్టండి. మా దగ్గర మోటారు బోర్డు పక్కన మేకుకి పురికొసతో వేలాడదీసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటుంది. వాచ్‌మన్‌కి గళ్లు గీసిచ్చాం: కుళాయి వచ్చిన టైము, ఆగిన టైము, బోరు మోటారు వేసిన టైము, ఆపిన టైము, పొద్దున్న సంపు మూత తీస్తే ఇనప మెట్లు ఎన్ని పైకి కనిపిస్తున్నాయి. లీటర్లలో రాయమంటే ఎవరూ రాయరు. మెట్లు లెక్కపెట్టడం ఎవరికైనా వచ్చు. కొన్ని వారాలు రాసేసరికి కుళాయి సరిగ్గా వచ్చిన రోజుల్లో కూడా తెల్లారేసరికి మెట్లు ఎక్కువ కనపడుతున్నాయని తేలింది. నీళ్లు తక్కువై కాదు, ఎక్కడో పోతున్నాయి. మా పైనింటి ఆవిడ తెల్లవారుజామున పాల ప్యాకెట్లకని దిగినప్పుడు వెనకవైపు ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి నీళ్లు మురుగు కాలువలోకి పడుతుంటే చూశారు. పై ట్యాంకులో ఫ్లోట్ వాల్వు పట్టేసింది. అది మార్చాక ట్యాంకరు తెప్పించుకునే అవసరం చాలావరకు తప్పింది. అంతకుముందు మీటింగుల్లో చర్చ అంతా ఏ ఫ్లాటువాళ్లు ఎక్కువ వాడుతున్నారన్నదాని మీదే జరిగేది.

పనిలో పనిగా ఒక టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) కొనండి, ఖరీదు పెద్దగా ఉండదు. తాగే నీటికి మన దేశపు ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. బోరు, సంపు, టిన్ను మూడూ కొలిచి అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టండి. టీడీఎస్ తక్కువైనంత మాత్రాన క్రిములు లేవని కూడా కాదు. కానీ అంకెలు పెట్టాక "మా నాలుకకి ఉప్పగా ఉంది", "మాకేం లేదే" అనే వాదన ఆగిపోతుంది. ఎన్ని గంటలు బోరు కలుపుతున్నారో ముందే చెప్పి కలిపితే జనం సర్దుకుంటారు. చెప్పకుండా కలిపితేనే కోపం.

ఈ పని చేయడానికి మీకు సభ్యత్వం అక్కర్లేదు, ఓటు అక్కర్లేదు, ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదు. రెండు నెలల నోట్‌బుక్ చేతిలో పట్టుకుని మీటింగుకు వెళ్తే "ఇది ఓనర్ల మీటింగు" అనే మాట ఎవరి నోటా రాదు. వచ్చినా పక్కవాళ్లే ఆపుతారు.

సెల్లారు నీళ్ల సంగతి ఇంతకంటే కష్టం, ఎందుకంటే అది మీ గేటు బయట మొదలవుతుంది. మన ఊళ్లు పల్లం. వీధి కాలువ వెళ్లి మధ్యరకం డ్రెయినులో, అది వెళ్లి యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయినులో పడాలి. ఎర్రకాలువ పొంగి యనమదుర్రు నిండుగా ఉన్నా, అటు సముద్రం పోటు మీద ఉన్నా మీ వీధి నీళ్లకి పోయే దారి ఉండదు. దానికి తోడు గుర్రపుడెక్క. అందుకని అర్జీ రాసే ముందు తేల్చుకోవాల్సింది ఆ కాలువ ఎవరిది అన్నది. వీధి పక్క కాలువ మున్సిపాలిటీది. పెద్ద డ్రెయిను జలవనరుల శాఖ డ్రైనేజీ విభాగానిది. మీ కాలువ జాతీయ రహదారి కింద తూము గుండా దాటుతుంటే ఆ తూము హైవే వాళ్లది. అర్జీలు ఏళ్ల తరబడి కదలకపోవడానికి చాలాసార్లు కారణం లంచమో నిర్లక్ష్యమో కాదు, తప్పు ఆఫీసుకి ఇవ్వడం. ఆ ఆఫీసువాళ్లు "మాది కాదు" అని కూడా చెప్పరు. ఫైల్లో పెట్టుకుంటారు, అంతే. ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరు ముగ్గురు కలిసి మీ గేటు నుంచి కాలువ వెంట నడిచి అది ఎక్కడ ఎందులో కలుస్తుందో చూసి రండి. ఫోన్లో ఫొటోలు తీయండి, లొకేషన్ ఆన్‌లో పెట్టి. ఎక్కడ షాపు వాళ్లు పలకలు వేసి కప్పేశారో, ఎక్కడ కొబ్బరి బొండాలు అడ్డం పడ్డాయో అప్పుడే తెలుస్తుంది.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఒక అర్జీలో ఒకే విషయం. కుక్కలు, లైట్లు, కాలువ అన్నీ కలిపి రాస్తే ఏదీ జరగదు. సంతకాల పక్కన డోర్ నంబర్లు ఉండాలి. అద్దెవాళ్ల సంతకాలూ పెట్టించండి. మున్సిపాలిటీకి మీరు ఓనరా అద్దెవాళ్లా అన్నది అనవసరం, మీరు ఆ వార్డు ఓటర్లయితే ఇంకా మంచిది. ముందు వార్డు సచివాలయంలో ఇవ్వండి. 2019 అక్టోబరులో ఈ సచివాలయాలు వచ్చాక వీధి సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ అని ఒకరు, శానిటేషన్‌కి ఒకరు, ప్లానింగ్‌కి ఒకరు ఉంటున్నారు. కుర్రాళ్లు, వాళ్ల పరిధిలో ఉన్నంత చేస్తారు. కదలకపోతే కమిషనరు గారికి, ఆ పైన సోమవారం నాడు కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక పశ్చిమగోదావరి కలెక్టరేటు భీమవరంలోనే ఉంది కాబట్టి మీకు ఏలూరు ప్రయాణం తప్పింది. ఎక్కడిచ్చినా కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు.

అర్జీలో మాటలు చూసి రాయండి. "పూడిక తీయించగలరు" అని రాస్తే పూడిక తీస్తారు, తీసి గట్టు మీదే పోసి వెళ్తారు. ఎండాక ట్రాక్టరు వచ్చి ఎత్తుకెళ్లాలి. రాదు. మొదటి వానకి అదంతా మళ్లీ కాలువలోకే. కాబట్టి "పూడిక తీసి, తీసిన మట్టిని తరలించగలరు" అని రాయాలి. టైము కూడా చూసుకోండి: ఏప్రిల్, మే నెలల్లో, కాలువల్లో నీళ్లు లేనప్పుడే ఇది జరగాలి. ఆగస్టులో సెల్లారు మునిగాక అడిగితే ఇంజినీర్లు కూడా చేసేదేమీ లేదు.

రోడ్డు విషయం ఇంకా ముఖ్యం. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే ప్రతిసారీ రోడ్డు లేచి ఇళ్లు పల్లమైపోతాయి. డెల్టా ఊళ్లలో పాత పెంకుటిళ్లకి రోడ్డు మీంచి రెండు మెట్లు దిగి వెళ్లాల్సి వస్తోందంటే కారణం ఇదే. మీ సెల్లారు ర్యాంపు మీదుగా నీళ్లు రావడానికీ ఇదే కారణం కావచ్చు. కొత్త రోడ్డు మంజూరైందని తెలియగానే, టెండరు కాకముందే, పాత రోడ్డు తీసేసి అదే లెవెల్లో వేయమని, కాలువ ముందు కట్టి రోడ్డు తర్వాత వేయమని అడగాలి. కంకర దిగాక అడిగితే కాంట్రాక్టరు నవ్వుతాడు. ఎస్టిమేటులో ఏముందో తెలియాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఎస్టిమేటు కాపీ, పని అయ్యాక ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) కాపీ, ఈ రెండూ అడగండి. ఊరికే "వివరాలు ఇవ్వగలరు" అంటే ఊరికే ఏదో ఇస్తారు.

తుపాన్లూ వరదలూ సంఘానికి అసలు పరీక్ష. 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ముందురోజే పై ట్యాంకులు నింపి, జనరేటరుకి డీజిలు తెచ్చిపెట్టుకున్న బిల్డింగులు తేలిగ్గా గట్టెక్కాయి. సెల్లారులో గొయ్యిలో ఉన్న మోటారు స్టార్టరు బోర్డుని గోడ మీద మనిషెత్తుకి జరిపించండి. ఒక ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని. ఆక్సిజన్ మీదో ఇన్సులిన్ మీదో ఉన్న పెద్దవాళ్లు ఏ ఫ్లాటుల్లో ఉన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. కరెంటు ఫిర్యాదు నంబరు 1912 వాచ్‌మన్ గది గోడ మీద పెద్దగా రాయించండి. గోదావరి గట్టున ఉన్న ఊళ్లవాళ్లయితే ధవళేశ్వరం అంకెలు నోటికి వచ్చి ఉండాలి: 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో మూడోది దాటి పాతిక లక్షల క్యూసెక్కులకి పైగా వచ్చింది. లంకల్లో ఉండేవాళ్లకి ఇది నేను చెప్పాల్సిన పని లేదు, కొత్తగా ఉద్యోగానికొచ్చి రాజమండ్రి, అమలాపురం చుట్టుపక్కల అద్దెకుండేవాళ్ల కోసం రాస్తున్నా.

డబ్బు. సంఘాలు విడిపోయేది ఇక్కడే. మెయింటెనెన్సు ఫ్లాటుకింతా, చదరపు అడుగుకింతా అన్న తగువు అన్నిచోట్లా ఉంటుంది. బైలాలో ఏముంటే అది. నాకు పట్టింపు ఉన్నది ఇంకో దాని మీద. చాలా బిల్డింగుల్లో వసూళ్లు ఇప్పుడు సెక్రటరీ గారి సొంత ఫోన్‌పే నంబరుకి వెళ్తున్నాయి. ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఇది తప్పు. ఆయన సొంత డబ్బుతో కలిసిపోతుంది, రేపు ఆయనకేమన్నా అయితే ఆ ఖాతా తెరిపించలేరు. సంఘం పేరు మీద పాన్, సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు, ఆ ఖాతాకే క్యూఆర్ కోడ్. బ్యాంకు వాళ్లు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, బైలా, తీర్మానం కాపీ, పాన్ అడుగుతారు. ప్రతి నెలా పదో తారీకులోపు వచ్చిందెంత, పోయిందెంత, మిగిలిందెంత ఒకే పేజీలో లిఫ్టు పక్కన అంటించాలి. అద్దెవాళ్లు కూడా కడుతున్నారు కాబట్టి అద్దెవాళ్లకీ చూసే హక్కుందని నేను గట్టిగా నమ్ముతాను. అయితే అడిగే తీరు ఒకటుంటుంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్నట్టు, జీతం లేకుండా లెక్కలు రాసే మనిషిని గ్రూపులో అందరి ముందూ నిలదీస్తే మర్నాడు పుస్తకం మీ గుమ్మంలో పడేసి పోతాడు. ఆయన దగ్గరికెళ్లి "నేను ఎక్సెల్‌లో ఎక్కించిపెడతానండి" అనండి. లెక్కలు మీ కళ్ల ముందుకు వాటంతటవే వస్తాయి.

బాకీ ఉన్న ఫ్లాటుకి నీళ్లు కట్ చేద్దామనే మాట ప్రతి సంఘంలో ఏదో ఒక రోజు వస్తుంది. ఒప్పుకోకండి. బాకీ ఓనరుది, దాహం అద్దెవాళ్లది. నీళ్లూ కరెంటూ ఆపితే ఫిర్యాదు పోలీసు స్టేషనుకు వెళ్తుంది, సంఘం సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. నోటీసులివ్వండి, ఫ్లాటు అమ్మేటప్పుడు నో డ్యూస్ (బాకీ లేదనే కాగితం) ఆపండి. వినాయక చవితి చందా, న్యూ ఇయర్ కేకు ఖర్చు ఈ ఖాతాలో కలపకండి. వాచ్‌మన్ జీతం మాత్రం ఖర్చుల్లో మొదటి వరసలో ఉండాలి. ఏ బిల్డింగులో వాచ్‌మన్ గదికి ఫ్యాను తిరుగుతుందో ఆ బిల్డింగులో మోటారు నోట్‌బుక్ కూడా సరిగ్గా నిండుతుంది.

మీ బిల్డింగు కొత్తదయితే బిల్డరు దగ్గర రావాల్సినవి వచ్చాయో లేదో కమిటీని అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ ఎనిమిదికి మించి ఫ్లాట్లతో గానీ కట్టినవి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికి వస్తాయి. ఆ 2016 చట్టం ప్రకారం ఉమ్మడి స్థలాలు సంఘానికి రాసివ్వాలి, ప్లాన్లూ కాగితాలూ అప్పగించాలి, స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. మాకు ఒక బిల్డరు లిఫ్టు కాగితాలు ఇవ్వడానికి ఏళ్లు తిప్పాడు. సంఘం పేరు మీద రాతపూర్వకంగా అడిగాకే కదిలాడు. విడివిడిగా ఫోన్లు చేసినన్నాళ్లూ ఒక్కొక్కరికీ ఒక్కో కథ చెప్పాడు.

ఇప్పుడు మీ ఓనరు. ఆయనతో మాట వస్తుందని భయపడుతున్నారు. నా అనుభవంలో గల్ఫ్‌లో ఉండే ఓనర్లకి పెద్ద టెన్షన్ అద్దె గురించి కాదు, ఇక్కడ ఏం జరుగుతోందో తెలియకపోవడం గురించి. లిఫ్టు రిపేరుకి ఫ్లాటుకి ఇంత అని మెసేజ్ వస్తుంది, నిజమో కాదో అడగడానికి మనిషి ఉండడు. మీరు మీటింగుకు వెళ్లి ఫొటోతో సహా సంగతి చెప్తే ఆయనకే మేలు. ముందుగా ఆయనకి చెప్పి వెళ్లండి, తర్వాత తెలిసేలా కాకుండా. అద్దె ఒప్పందంలో కూడా ఒక వాక్యం ఉండాలి: నెలవారీ మెయింటెనెన్సు అద్దెదారుది, లిఫ్టు మార్పిడి, రంగులు, కొత్త బోరు లాంటి పెద్ద ఖర్చులు ఓనరువి. ఈ వాక్యం లేక వచ్చిన తగాదాలే ఎక్కువ. మనవాళ్లు పదకొండు నెలలకే రాసుకుంటారు, రిజిస్ట్రేషన్ తప్పించుకుందామని. అయినా సరే రాసుకోండి. 1960 నాటి అద్దె చట్టం స్థానంలో రాష్ట్రం 2017లో చేసిన చట్టం కూడా ఒప్పందం కాగితం మీద ఉండాలనే అంటుంది.

సర్వసభ్య సమావేశం ఎప్పుడు పెట్టాలో కూడా మీరు సలహా ఇవ్వొచ్చు. సంక్రాంతికి. మన జిల్లాలకి ఓనర్లందరూ ఒకేసారి వచ్చేది అప్పుడే. భోగి, సంక్రాంతి రోజుల్లో పందేల బరుల దగ్గరే ఉంటారు, ఎవరూ దొరకరు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ప్రయాణాలు పెట్టుకోరు. ఆ రోజు పొద్దున్న టిఫిన్ల వేళ సెల్లారులో కుర్చీలు వేస్తే ఏడాదంతా కుదరని కోరం కుదురుతుంది. నోటీసు మాత్రం బైలాలో చెప్పినన్ని రోజుల ముందే వెళ్లాలి. కమిటీలో ఆడవాళ్లు ఉండేలా చూడండి. కుళాయి ఎన్నింటికి ఆగిందో, చెత్తబండి ఏ రోజు రాలేదో వాళ్లని అడిగితేగానీ తెలియదు. మా దగ్గర మీటింగు రాత్రి తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగింటికి మార్చాక వాళ్లు రావడం మొదలైంది.

అపార్ట్‌మెంటు కాకుండా విడి ఇళ్ల కాలనీలో ఉండి ఇది చదివేవాళ్లకి: మేజర్లయినవాళ్లు ఏడుగురు ఉంటే చాలు, 2001 చట్టం కింద సంక్షేమ సంఘం పెట్టుకోవచ్చు. అది ఓనర్ల చట్టం కాదు కాబట్టి అద్దెవాళ్లు మొదటి రోజు నుంచే సభ్యులు కావచ్చు, బైలాలో "నివాసితులు" అని రాసుకుంటే. కానీ ముందే రిజిస్ట్రేషన్‌కి పరిగెత్తకండి. ఒక పూడికో ఒక లైటో సాధించాక చేయించుకోండి. ముందే చేయిస్తే లెటర్‌హెడ్డు అచ్చవుతుంది, అధ్యక్షుడెవరన్న తగువు మొదలవుతుంది, మూడో నెలకి ఎవరికి వారే యమునా తీరే. ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లలో ఉండేవాళ్లకి సంఘం ఇంకా అవసరం. మెట్ల లైటు నుంచి మురుగు మోటారు దాకా అన్నీ ఉమ్మడివే. పార్టీ జెండాలు మాత్రం గేటు బయటే ఉంచండి. ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లాల్సి వస్తే రెండు పక్షాల వాళ్లనీ కలిపి తీసుకెళ్లండి.

చివరగా మీ ఓనరు గారితో రాయించుకోవాల్సిన ఉత్తరం. ఇంతకంటే పెద్దది వద్దు:

"ఫలానా నంబరు ఫ్లాటు యజమానినైన నేను, అందులో అద్దెకుంటున్న ఫలానా వారికి సంఘం సమావేశాలకు హాజరై నా తరఫున మాట్లాడటానికి, నోటీసులూ లెక్కల కాపీలూ తీసుకోవడానికి అనుమతి ఇస్తున్నాను. ఓటు, ప్రత్యేక వసూళ్లకు అంగీకారం నా దగ్గరే ఉంటాయి. అద్దె ఒప్పందం ఉన్నంతవరకు, లేదా నేను రాతపూర్వకంగా రద్దు చేసేవరకు ఇది చెల్లుతుంది."

ఓటు ఆయన దగ్గరే ఉంచుతున్నారు కాబట్టి ఆయనకీ జంకు ఉండదు, కమిటీకీ అభ్యంతరం ఉండదు. సంతకం చేసి స్కాన్ తీసి ఆయన సొంత ఈమెయిలు నుంచి నేరుగా సెక్రటరీకి పంపమనండి, మీకు కాపీ పెట్టి. మీరు ఫార్వర్డ్ చేస్తే "ఇది ఆయనే రాశారా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ప్రింటు తీసి సంఘం ఫైల్లో కూడా పెట్టించండి. ఈమెయిళ్లు చూసే సెక్రటరీలు మన పక్క తక్కువ.